మల్లెల లెక్క నడిచింది

టి. నగర్, చెన్నై
3 ఏప్రిల్ 1998

ప్రియకు,

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం ఉస్మాన్ రోడ్డు దాటితే చెప్పు తారుకు అంటుకుంటోంది. ఇవాళ ల్యాబ్‌లో మౌసులన్నీ విప్పి లోపలి గుండ్లు కడిగి ఆరబెట్టాను. పిల్లలు బజ్జీ తిన్న చేతులతో వచ్చి పట్టుకుంటారు. ఈ ఊళ్ళో చల్లగా ఉండేది మా ల్యాబ్ ఒక్కటే. ఆ చల్లదనం మిషన్ల కోసం పెట్టింది, మాకు కాదు.

ఒక సంగతి. మా ఇన్‌స్టిట్యూట్‌లో జావా అని కొత్త కోర్సు మొదలుపెడుతున్నారు. నేర్పడానికి ఇద్దరు కావాలి. ఆడపిల్లల బ్యాచ్ వేరే ఉంటుందట, అందుకని ఆడవాళ్ళయితే మేలని రంగనాథం సార్ అన్నాడు. జూలైలో పరీక్ష. ప్రోగ్రాం కాగితం మీద రాయాలి, తర్వాత మిషన్ మీద నడిపి చూపాలి. తిరుపతి పాలిటెక్నిక్‌లో నువ్వు సి భాష చదివావు. నాకన్నా బాగా చదివావు. జావా చూడ్డానికి దాని చెల్లెలిలా ఉంటుంది.

నేనుండే మగవాళ్ళ మాన్షన్ సంగతి నీకు తెలుసు. గదికి ముగ్గురం, ఆడవాళ్ళను మెట్లు ఎక్కనివ్వరు. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు పానగల్ పార్కులో కూర్చున్నాం. వాచ్‌మన్ విజిల్ వేస్తే లేచాం. ఈమె నా పెళ్ళాం అని అతనికి చెప్పుకోవాలా అనిపించింది, చెప్పలేదు. నా ఒక్క జీతానికి ఇల్లు కుదరదు. నీకు ఇది దొరికితే కుదురుతుంది.

అక్కడ కంప్యూటర్ లేదని వెనక్కి తగ్గవద్దు. పాఠాలు జెరాక్సు తీసి పంపుతాను. నువ్వు కాగితం మీద రాసి పంపు. ఆరు తర్వాత ల్యాబ్ ఖాళీ. నేను కొట్టి చూసి, మిషన్ ఏమన్నదో రాస్తాను.

నీ
శివరామ్


చిన్నంపేట, పళ్ళిపట్టు దగ్గర
11 ఏప్రిల్ 1998

బావకు,

ఇక్కడా ఎండలే. తెల్లవారకముందే తోటలోకి దిగుతున్నాం. ఏడు దాటితే మొగ్గ విచ్చుకుంటుంది, విచ్చుకున్నదానికి ధర లేదు. కోసిన తర్వాత బుట్ట బస్సుకు వేసి, ఇంటికి వచ్చి, అన్నం తిని, నువ్వు పంపిన జెరాక్సులు ముందేసుకుంటున్నాను. కింది లైన్లు కొన్ని నల్లగా పడ్డాయి. ఊహించి చదువుతున్నాను.

నిన్న నేను రాస్తుంటే కనకక్క వంగి చూసింది. "ఏమే, మొగుడికి ఉత్తరం రాస్తా ఉండావా, పద్దు రాస్తా ఉండావా?" అంది. రెండూ అన్నాను. "మా మరిదికి ఇట్లాంటి ఉత్తరం రాస్తే వాడు ఆడ ఏం చేసుకుంటాడే, వాసన చూసుకుంటాడా?" అంది. మీ అన్న దేవరాజులు బావ నవ్వి బయటికి పోయాడు.

పరీక్ష రాస్తాను. మొదటి ప్రోగ్రాం ఇందులో పెట్టాను, మూడు అంకెలు కూడేది. ఇంతే వచ్చింది.

శ్రీప్రియ


టి. నగర్
18 ఏప్రిల్ 1998

ప్రియకు,

నీ ప్రోగ్రాం నిన్న కొట్టాను. నడవలేదు. నాలుగో లైను చివర సెమీకోలన్ లేదు. ఒకచోట పెద్ద అక్షరం పెట్టాల్సింది చిన్నది పెట్టావు. జావాకు పట్టింపు ఎక్కువ. దిద్ది మళ్ళీ పంపు.

శివరామ్


చిన్నంపేట
25 ఏప్రిల్ 1998

బావకు,

తప్పులు చూసుకున్నాను. దిద్దింది దీంతో ఉంది.

శ్రీప్రియ


టి. నగర్
2 మే 1998

ప్రియకు,

నడిచింది. మొత్తం సరిగా వచ్చింది.

నీ ఉత్తరం కవరు విప్పి వెనకా ముందూ చూశాను. ఇంకేమీ లేదు. పూలకు ధర ఎలా ఉందో, వదిన మోకాలు నొప్పి తగ్గిందో లేదో రాయలేదు. నువ్వు ఎలా ఉన్నావో కూడా రాయలేదు. మాన్షన్‌లో పోస్టు కింద బల్ల మీద పడేస్తారు. పని నుంచి రాగానే అందరం ఆ బల్ల మీద పడతాం. జెబరాజ్‌కు వాళ్ళ అమ్మ వారానికొకటి రాస్తుంది. వాడు నా మొహం చూసి, "ఏం అన్నా, ఈసారి టెలిగ్రామా?" అన్నాడు.

తర్వాతి పాఠాలు పంపుతున్నాను. అర్రేల పాఠం మాత్రం ఇందులో లేదు. ఆ పుస్తకం షీబా దగ్గర ఉంది. షీబా అంటే మా ల్యాబ్‌లో రెండో అసిస్టెంటు, తొండియార్‌పేట నుంచి వస్తుంది. ఇవ్వగానే తీసి పంపుతాను.

శివరామ్


చిన్నంపేట
10 మే 1998

బావకు,

నడిచిందని చదివి కనకక్కకు చెప్పాను. "ఆడ ఏదో మిషను ఒప్పుకుంటే ఈడ నీకు ఈ నవ్వేందే" అంది. నాకూ తెలియలేదు. మర్నాడు కోత కూడా తొందరగా అయింది.

అక్క మోకాలు అట్లాగే ఉంది. నూనె రాస్తున్నాను. మల్లె ఈ వారం బాగుంది, పోయిన వారం మీద ధర పెరిగింది. చీకట్లో కోసేటప్పుడు చేతికి మొగ్గ తెలుస్తుంది కానీ కంటికి తెలియదు. ఆ పని చేస్తూ నీతో మాట్లాడుతుంటాను, బయటికి కాదు. ఇల్లు దొరికితే వంట గదికి కిటికీ ఉంటుందా అని నిన్న అడిగాను. మంచం ఏ గోడకు వేయాలో కూడా అనుకున్నాను. ఇవన్నీ రాయకూడదు అనుకుంటాను, రాస్తే బెంగ ఎక్కువవుతుంది.

అర్రేల పాఠం కోసం షీబాను తొందరపెట్టవద్దు. అర్రే నాకు తెలుసు. ఒకే పేరు కింద వరసగా చాలా అంకెలు దాచుకునేది. తిరుపతిలో అందరికంటే ముందు నాకే వచ్చింది. వారం రోజులకు ఏ రోజు ఎన్ని కిలోల మల్లె కోశామో ఏడు గదుల్లో పెట్టి మొత్తం కట్టేలా రాశాను. మొదలు ఇలా పెట్టాను:

int malli[7];

నడిచిందో లేదో త్వరగా రాయి. ఈసారి ఎదురుచూస్తాను.

నీ
ప్రియ


టి. నగర్
18 మే 1998

ప్రియకు,

మల్లెల లెక్క నడిచింది. మొత్తం 31 వచ్చింది.

ఇల్లు దొరికితే కిటికీ ఉన్నదే చూస్తాను. ఇంకా పెద్ద ఉత్తరం రాయి.

శివరామ్


చిన్నంపేట
27 మే 1998

బావకు,

31 సరి. నేను చేతితో కట్టి పెట్టుకున్నాను, అదే వచ్చింది.

రెండు వానలు పడ్డాయి. గట్ల మీద గడ్డి లేచింది. అక్క నాకు పొద్దున కోత తప్పించి, "నువ్వు పోయి ఆ మిషను పని చూసుకో, నీ వాటా మొగ్గ నేను కోస్తాలే" అంటోంది. ఆ మోకాలుతో. నేను పోతే ఇక్కడ చెయ్యి తక్కువవుతుందని ఆమెకు తెలుసు. తెలిసే అంటోంది.

ఇందులో మూడు ప్రోగ్రాములు ఉన్నాయి, మూడూ అర్రేలతోనే. ఒకటి కూలీల పేర్లు, ఒకటి పేట వారీ ధరలు, ఒకటి ఎక్కువ కోసిన రోజు ఏదో చెప్పేది. నాకు ఇందులో చెయ్యి తిరిగింది. రాత్రి పడుకున్నాక కళ్ళ ముందు గదులు కనిపిస్తున్నాయి, సున్నా గది నుంచి మొదలు.

పార్కులో వాచ్‌మన్ విజిల్ వేసినప్పుడు నాకు కోపం రాలేదు. నువ్వు లేచిన తొందర చూసి వచ్చింది. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఇల్లు అయ్యాక ఎవరు విజిల్ వేసినా లేవాల్సిన పని లేదు.

నీ
ప్రియ


టి. నగర్
6 జూలై 1998

ప్రియకు,

నువ్వు పంపినవి ఇప్పటికి అన్నీ నడిచాయి. పరీక్ష 19, ఆదివారం. అన్నను తోడు తీసుకుని రా. ప్యారిస్ కార్నర్ బస్టాండ్‌లో ఉంటాను. పరీక్ష హాల్లోకి నన్ను రానివ్వరు, నువ్వు నా మనిషివని సార్‌కు తెలుసు. షీబా లోపల ఉంటుంది.

కాగితం మీద రాసేటప్పుడు తొందరపడకు. మిషన్ ఏమైనా అంటే చదువుకుని దిద్దుకో, అది అక్కడే చెబుతుంది.

ఈ ఉత్తరానికి జవాబు రాయవద్దు, నువ్వే వస్తావు.

శివరామ్


చిన్నంపేట
23 జూలై 1998

శివరామ్ గారికి,

వాన లేదు, గాలి ఎక్కువ. కోత సగానికి పడింది. మేము సోమవారం తెల్లవారి ఇల్లు చేరాం.

బస్టాండ్‌లో మీరు ఎలా రాశావని అడిగారు. రాలేదు అన్నాను. కంగారు పడి ఉంటావు అన్నారు. మీ అన్న పక్కన ఉన్నాడని ఊరుకున్నాను.

కంగారు పడలేదు. కాగితం మీద అందరికంటే ముందు నేనే ముగించాను. అర్రే ప్రశ్నే వచ్చింది. నాకు వచ్చినట్టే రాశాను, మల్లెల లెక్కలో రాసినట్టే. మిషన్ మీద కొడితే మొదటి లైనుకే ఒప్పుకోలేదు. వేలు జారిందేమో అని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. ఆ లైను మీద అనుమానమే రాలేదు. మీ దగ్గర నాలుగుసార్లు నడిచిన లైను అది. కింది లైన్లలో వెతికాను. టైము అయిపోయింది.

రంగనాథం సార్ వచ్చి తెర చూశాడు. "ఏమ్మా, ఇది సి గదా. జావాలో బ్రాకెట్లో అంకె పెట్టరాదని మొదటి వారమే చెప్తాం. నీకెవరు నేర్పినారు?" అన్నాడు. నేను మీ పేరు చెప్పలేదు.

బయట షీబా నన్ను ఆపింది. సి లో పేరు పక్కన అంకె రాస్తే చోటు కూడా అక్కడే వచ్చేస్తుందట. జావాలో పేరు చెప్పేటప్పుడు బ్రాకెట్టు ఖాళీగా వదలాలట. చోటు కావాలంటే వేరే అడగాలట. నా చేతి మీద పెన్నుతో రాసింది:

int[] malli = new int[7];

ఇంటికి వచ్చాక కడుక్కున్నాను.

జావాలో పేరు పక్కన అంకె పెడితే ఏ మిషనూ ఒప్పుకోదు. మరి మల్లెల లెక్క ఎలా నడిచింది? ఆ మూడూ ఎలా నడిచాయి? నేను పంపింది నడిచిందా, మీరు దిద్దింది నడిచిందా? ఇది ఒక్కటి రాయండి. వేరే ఏమీ వద్దు.

శ్రీప్రియ


టి. నగర్
28 జూలై 1998

ప్రియకు,

నేను దిద్దింది నడిచింది. నాలుగూ.

మొదటిసారి తప్పుందని రాస్తే నీ నుంచి రెండు లైన్లు వచ్చాయి. నడిచిందని రాస్తే రెండు పేజీలు వచ్చాయి. తర్వాత తప్పు కనిపించినప్పుడు దిద్ది కొట్టాను. పరీక్షకు ముందు అర్రేల పాఠం పంపితే నువ్వే చూసుకుంటావు అనుకున్నాను. పంపితే ఇన్నాళ్ళు రాసింది అబద్ధమని తెలుస్తుంది. అలా జూలై వచ్చింది.

నవంబర్‌లో మళ్ళీ పరీక్ష ఉంది. అర్రేల పాఠం దీంతో ఉంది, మొత్తం. షీబా పుస్తకం మే నెలలోనే ఇచ్చింది.

గారు అని రాయకు.

శివరామ్


చిన్నంపేట
9 ఆగస్టు 1998

శివరామ్ గారికి,

పాఠం అందింది. చదివాను. అరగంట పని.

ఇకమీదట ప్రోగ్రాములు షీబా పేరుకు పంపుతాను. ఆమెకు విడిగా రాశాను. నేను రాసింది రాసినట్టు కొట్టమన్నాను, కామా కూడా మార్చవద్దన్నాను. మిషన్ అన్నది అన్నట్టు రాయమన్నాను. మీరు ముట్టుకోవద్దు.

కనకక్కకు ఏమీ చెప్పలేదు. ఆమె కనిపెట్టింది. "వాడేదో చేసినాడు, లేకుంటే నువ్వు గుమ్మం కాడ పోస్టుమేన్‌ని చూసి లోపలికి పోవు" అంది.

శ్రీప్రియ


టి. నగర్
14 సెప్టెంబర్ 1998

ప్రియకు,

సాయంత్రాలు వాన పడుతోంది. పాండీ బజార్ పేవ్‌మెంటు దుకాణాలు నాలుగింటికే టార్పాలిన్లు కప్పేస్తున్నాయి. ల్యాబ్‌లో ఒక మూల కారుతోంది, మూడు మిషన్లు జరిపాం.

నీ కాగితాలు షీబా కొడుతోంది. నేను గదిలో ఉంటే కొట్టదు. "అన్నా, మీరు బయట నిల్చోండి, సరియా? నాకు ఆ అక్క అంటే భయం" అంది. వరండాలో నిల్చుంటాను. లోపల కీబోర్డు చప్పుడు ఆగితే తప్పు వచ్చిందని అర్థం. మొదటి వారం చాలాసార్లు ఆగింది. నిన్న రెండుసార్లే.

మిషన్ మాటలు ఆమె చేత్తో రాసి దీంతో పెట్టింది. నేను చదవలేదు.

ఒక పని చేశాను. తొండియార్‌పేటలో షీబా వాళ్ళ వీధిలో ఒక ఇల్లు ఖాళీ అయింది. ఒక గది, వంటకు చిన్న చోటు, పంపు వీధిలో. హార్బర్ లారీలు పొద్దస్తమానం పోతుంటాయి, గిన్నెలు అదురుతాయి. ఇంటామె పొన్నమ్మ. పెళ్ళాం ఎక్కడ అని అడిగింది, వస్తుంది అన్నాను. వచ్చేదాకా తాళం చెవి ఇవ్వను అంటుందేమో అనుకున్నాను, ఇచ్చింది. అక్టోబర్ మొదటి తేదీ నుంచి మనది. అక్కడి నుంచి టి. నగర్‌కు రెండు బస్సులు మారాలి. మాన్షన్ వదిలేస్తున్నాను. నవంబర్ పరీక్ష దాకా ఒక్క జీతంతో లాగుతాను.

వంటచోటుకు కిటికీ లేదు. గదికి ఉంది.

శివరామ్


చిన్నంపేట
22 అక్టోబర్ 1998

బావకు,

వానలు పట్టుకున్నాయి. కోత లేదు. కొమ్మలు కత్తిరించి, మొదళ్ళు తవ్వి, ఎరువు వేశాం. దీపావళికి అక్క బెల్లం పాకంతో అధిరసాలు చేసింది. నీ వాటా డబ్బాలో పెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

పోయిన వారం షీబా ఒక్క ముక్క రాసింది. నా ప్రోగ్రాం కొట్టిన తక్షణం నడిచిందట, మిషన్ ఏమీ అనలేదట. పన్నెండు గదుల అర్రే అది. ఆ ముక్క నేను నాలుగు రోజులు రవికలో పెట్టుకుని తిరిగాను. నడిచిందని నువ్వు రాసిన ఉత్తరాలు కూడా అలాగే పెట్టుకునేదాన్ని.

నీకు చెప్పకుండా ఒకటి చేశాను. వేలూరులో కొత్తగా ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టారు. పేపర్లో చూసి మీ అన్నతో పోయి పదో తేదీన పరీక్ష రాశాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. తీసుకున్నారు. నవంబర్ మొదటి వారంలో చేరాలి. ఆడవాళ్ళ హాస్టల్ ఉంది.

నీ మీద కోపంతో పోలేదు. కోపం ఆగస్టులోనే అయిపోయింది, నువ్వు వరండాలో నిల్చున్నానని రాసినప్పుడు నవ్వొచ్చింది కూడా. టి. నగర్‌లో చేరితే రోజూ నీ ల్యాబ్‌లోనే నిలబడి నేర్పాలి. ఒక లైను రాసి నీ వైపు చూస్తాను. నువ్వు సరే అని తల ఊపుతావు. అది నిజమో, నేను నవ్వాలని ఊపావో నాకు తెలియదు. కొన్నాళ్ళు అలా చూడకుండా ఉండాలి.

తొండియార్‌పేట ఇల్లు సంగతి చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లారీల చప్పుడు ఎలా ఉంటుందో అనుకున్నాను. ఆదివారాలకు వేలూరు పక్కన కాట్పాడి నుంచి రైలుంది. నువ్వు రావచ్చు, నేనూ రావచ్చు.

ప్రియ


తొండియార్‌పేట, చెన్నై
31 అక్టోబర్ 1998

ప్రియా,

నీ ఉత్తరం మాన్షన్‌కు పోయి, జెబరాజ్ తెచ్చి ఇచ్చేసరికి ఆలస్యమైంది. వీధిలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. రెండు రోజులుగా పనికి పోలేదు.

వేలూరు వద్దు. టి. నగర్ పరీక్ష 15న. నువ్వు రాస్తే వస్తుంది, షీబా కూడా అంటోంది. కావాలంటే నేను ఆ ల్యాబ్ వదిలేస్తాను. షోళింగనల్లూరు వైపు కొత్త ఆఫీసులు లేస్తున్నాయి, అక్కడ పనికి అడుగుతాను. నీ పని జోలికి రాను.

ఇల్లు కడిగాను. చాప, స్టవ్వు, రెండు కంచాలు కొన్నాను. పొన్నమ్మ రోజూ అడుగుతోంది. "ఏమయ్యా, నీ పెండ్లాం కథలో ఉందా, నిజంగా ఉందా?" అంటుంది. నిన్న ఆమె చేపల పులుసు ఇస్తే ఒక కంచంలో వేసుకుని తిన్నాను. రెండోది గోడకు ఆనించి ఉంది.

ఇన్నాళ్ళు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు లేకుండా ఇంటికి రావడం మాన్షన్‌లో తెలియలేదు, అది ఇల్లు కాదు. ఇక్కడ తాళం తీస్తుంటే తెలుస్తోంది.

ఆదివారం 8న నేను ఊరికి వస్తాను. మాట్లాడుకుందాం. అంతవరకు పోవద్దు.

నీ
శివరామ్


చిన్నంపేట
6 నవంబర్ 1998

శివరామ్‌కు కనకవల్లి రాసేది.

ఈడ వాన నిలిచింది. నిన్నటి నుంచి మీ అన్న తోటలో నీళ్ళు తీస్తా ఉండాడు. నా మోకాలు పరవాలేదు. నిన్ను తిట్టాలని ఉండాది గాని కార్డులో చోటు లేదు. ఆదివారం నువ్వు వస్తే రా, అధిరసాలు ఉండాయి.

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం వచ్చింది. శ్రీప్రియ రెండుసార్లు చదివింది. గురువారం పొద్దున ఆరు గంటల బస్సుకు వేలూరు పోయింది.